పెళ్లికొడుకు షేర్వానీలో పడుగు ఏది, పేక ఏది?

నిఖా బట్టల కోసం హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు శివాజీనగర్‌కు, కమర్షియల్ స్ట్రీట్‌కు వచ్చే తెలుగు ముస్లిం కుటుంబాలు షేర్వానీ దగ్గర ఆగిపోతాయి. ఇది పట్టు కదా, అబ్బాయి వేసుకోవచ్చా? షాపువాళ్లు ‘ప్యూర్ సిల్క్’ అని నొక్కి చెప్పేకొద్దీ సందేహం పెరుగుతుంది.

మగవాళ్లకు పట్టు, బంగారం నిషిద్ధమని, ఆడవాళ్లకు రెండూ ధర్మసమ్మతమని హదీసులు, అంటే ప్రవక్త మాటలను, చేతలను తెలిపే ఉల్లేఖనాలు, చెబుతాయి. మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. రెండు, మూడు, నాలుగు వేళ్ల వెడల్పు పట్టుకు అనుమతి ఉందని ప్రవక్త సహచరుడు ఉమర్ (రజి) చెప్పిన హదీసు ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసు సంకలనంలో ఉంది. ఒంటి దురద వల్ల మరో ఇద్దరు సహచరులు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, జుబైర్ (రజి) గార్లకు ప్రవక్త (స) పట్టు తొడుక్కోనిచ్చారు. ఉమర్‌కు ఒక పట్టు వస్త్రం పంపి, అది తొడుక్కోవడానికి ఇచ్చింది కాదని కూడా చెప్పారు. అంటే మగవాడికి తొడుగుగా తగనిది సొత్తుగా తగుతుంది. 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టించారు. ఇప్పటికీ శిడ్లఘట్ట, రామనగరలో ఎన్నో ముస్లిం కుటుంబాలు పట్టుగూళ్ల నుంచి దారం తీసి బతుకుతున్నాయి. ఆ వృత్తికీ ఈ నిషేధానికీ పేచీ లేదు.

పేచీ అంతా కలనేత దగ్గరే. బట్టలో సగం పట్టు, సగం నూలు ఉంటే లెక్క ఎలా? ఇక్కడ ఇస్లామీ ధర్మశాస్త్రంలోని రెండు సంప్రదాయాలది చెరో దారి. షాఫియీలు బరువు చూస్తారు: పట్టు పాలు ఎక్కువైతే కూడదు. హనఫీలు పేకను చూస్తారు. మగ్గం మీద నిలువుగా సాచే దారాలు పడుగు, వాటి మధ్య అడ్డంగా నేసేవి పేక. పడుగు సాచినంత మాత్రాన అది బట్ట కాదు, పేక పడ్డాకే బట్ట అవుతుంది. కాబట్టి పడుగు పట్టయినా పేక నూలైతే తొడుక్కోవచ్చు, పేక పట్టయితే కూడదు. మన ప్రాంతపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే కాబట్టి ‘యాభై శాతమే పట్టు’ అన్న మాట వాళ్లకు సరిపోదు. ‘కాటన్ సిల్క్’ అని అమ్మే గుడ్డల్లో నూలు పడుగు మీద పట్టు పేక వేసినవి ఉంటాయి. చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

నేతగాళ్లు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. అదే మష్రూ. అరబ్బీలో ఆ మాటకు అర్థమే ‘ధర్మసమ్మతమైనది’. పట్టు పడుగు, నూలు పేక, సాటిన్ నేత. పడుగు పోగులు కొన్ని పేకల మీదుగా తేలుతూ పోయి ఒకసారి కిందికి దిగుతాయి. అందుకే పైన పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. గుజరాత్‌లోని పాటన్ దీనికి పేరుపడ్డ ఊరు. అయితే 20వ శతాబ్దంలో రేయాన్ అనే కృత్రిమ దారం వచ్చి, ఇప్పటి మష్రూలో పడుగు చాలావరకు అదే అయింది.

కొనేముందు పరీక్ష చిన్నదే. తానులో అంచు వెంట నిలువుగా నడిచేది పడుగు, అడ్డంగా పడేది పేక. కుట్టిన షేర్వానీలోనైతే లోపలి కుట్టు మడతలోంచి రెండు దిక్కులా చెరో రెండు సెంటీమీటర్ల పోగు లాగి, విడివిడిగా కాల్చాలి. రెండూ కలిపి కాలిస్తే ఏమీ తేలదు. పట్టుకు కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. నూలు, రేయాన్ కాగితంలా కాలతాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. ‘ఆర్ట్ సిల్క్’ అంటే రేయానో పాలిస్టరో కాబట్టి పట్టు హుకుం దానికి వర్తించదు. బెంగళూరులోనే ఉన్న కేంద్ర సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్, అంటే అసలు పట్టేనని చెప్పే ముద్ర, చీర కొనేవాళ్లకు భరోసా. షేర్వానీ మీద అదే ముద్ర కనిపిస్తే పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆగాలి.

కాలరు, ముంజేతి పట్టీల మీద పట్టు గానీ అసలు బంగారు జరీ గానీ ఉంటే, వెడల్పు నాలుగు వేళ్లు దాటకుండా చూసుకోవాలి. సుమారు ఏడెనిమిది సెంటీమీటర్లు. కొలవాల్సింది పట్టీ అడ్డాన్ని, పొడవును కాదు.