సంస్థలు ఎలా నేర్చుకుంటాయి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పని చేస్తూ పోతే మెరుగుదల దానంతట అదే వస్తుంది.

వాస్తవం: కొంతవరకు వస్తుంది. విమానాల తయారీలో మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ దాదాపు 20 శాతం తగ్గుతుందని అమెరికా విమాన ఇంజనీరు టి.పి. రైట్ 1936లోనే చూపించాడు. కానీ పాత పద్ధతిలో చెయ్యి తిరిగినకొద్దీ దాన్ని వదలడం కష్టం. కొత్త పద్ధతి మొదట్లో నెమ్మదిగానే సాగుతుంది. తొలి వారం అంకెలు చూసి దాన్ని తీసిపారేయకండి.

అపోహ: తప్పు జరిగాక నివేదిక రాసి అందరికీ పంపితే పాఠం నేర్చుకున్నట్టే.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే. నివేదిక చదివినవాళ్లు బదిలీ అయిపోతారు, పని మాత్రం పాత దారిలోనే నడుస్తుంది. ఫారమో, షిఫ్టు అప్పగింతో, పని వరుసో, ఏదో ఒకటి మారాలి. ఒకటి రెండు రోజుల్లోనే, జ్ఞాపకాలు చెదరకముందే, పని చేసినవాళ్లే కూర్చోవాలి. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? వచ్చేసారి ఏం మారుస్తాం? చాలాచోట్ల మొదటి రెండింటికే గంట గడిచిపోతుంది. సగం సమయం చివరి ప్రశ్నకు ఉంచాలి. దానికి జవాబు ‘ఇకపై జాగ్రత్తగా ఉందాం’ అయితే ఏమీ తేల్చనట్టే. ఏ అడుగు మారుతోంది, ఎవరు మారుస్తారు, ఏ తేదీలోపు అన్నది రాసుకోవాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నెల తిరిగాక పని జరిగేచోటే నిలబడి చూడాలి.

అపోహ: మంచి చెక్‌లిస్టు తెచ్చి పెడితే చాలు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తయారుచేసింది. ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని ప్రయత్నిస్తే మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కెనడాలోని ఒంటారియోలో అన్ని ఆసుపత్రులకూ చెక్‌లిస్టును తప్పనిసరి చేశాక చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో తేలింది. మా దృష్టిలో బృందం ఆగి, పైకి చదివి, జవాబు వినడమే అసలు పని. టిక్కులు ఎవరైనా పెట్టగలరు.

అపోహ: బాధ్యుణ్ణి శిక్షిస్తే తప్పు మళ్లీ జరగదు.

వాస్తవం: తప్పు ఆగదు, దాని కబురు ఆగిపోతుంది. అందుకే అమెరికా విమానయానంలో సిబ్బంది తప్పుల గురించి స్వయంగా పంపే నివేదికలను 1976 నుంచి నాసా సేకరించి, పేర్లు తొలగించి నిల్వచేస్తోంది.

అపోహ: నియమాలు పెరిగేకొద్దీ భద్రత పెరుగుతుంది.

వాస్తవం: ప్రతి పొరపాటుకూ ఒక అడుగు చేరిస్తే, కొన్నాళ్లకు ఎవరూ పూర్తిగా పాటించలేని జాబితా మిగులుతుంది. అందుకే ప్రతి అడుగు పక్కన దాన్ని ఎందుకు చేర్చారో ఒక వాక్యం రాయండి. ఏటా ఒకసారి చూసి, కారణం పోయినవాటిని కొట్టేయండి.