డెల్ఫ్ట్ నీలి పాత్రల కథ: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. తెల్లని పళ్లేల మీద, గోడ పలకల మీద నీలిరంగుతో గాలిమరలు, ఓడలు, పూలు గీసిన డచ్చి వారి పనితనాన్ని మీరు ఫోటోల్లోనైనా చూసే ఉంటారు. వాటిని పింగాణీ అనుకోవడం పరిపాటి. కానీ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ అనే ఊళ్లో చేసిన పాత పళ్లెం అంచున పెచ్చు ఊడిన చోట దగ్గరగా చూస్తే, తెల్లని పూత కింద లేత పసుపు రంగు మట్టి కనిపిస్తుంది. అసలు పింగాణీ విరిగిన చోట కూడా తెల్లగానే ఉంటుంది. చైనాలో దొరికే తెల్లని మట్టి లేని చోట, మామూలు మట్టితోనే ఆ తెలుపును సాధించిన కుమ్మరుల గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీసంతో చేసిన గాజుపూత పారదర్శకంగా ఉంటుంది. అందులో తగరపు భస్మం కలిపితే అది పాలలా తెల్లబడి కింది మట్టిని పూర్తిగా కప్పేస్తుంది. చైనా నుంచి వచ్చిన తెల్లని పాత్రలకు దీటైనవి చేయాలన్న పట్టుదలతో 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు ఈ పద్ధతిని రూపొందించారు. అది క్రమంగా స్పెయిన్‌కు, ఇటలీకి, ఇటలీ కుమ్మరుల వెంట 16వ శతాబ్దపు తొలినాళ్లలో నేటి బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరానికి చేరింది. 1585లో ఆ నగరం స్పెయిన్ సైన్యం వశం కావడంతో, అక్కడి పనివారిలో ఎందరో ఉత్తరాదిన ఉన్న డచ్చి ఊళ్లకు వలసపోయారు.

1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ చైనా పింగాణీని ఓడలకొద్దీ తెచ్చి అమ్మింది. మన మచిలీపట్నంలో బట్టలు కొన్నదీ ఈ కంపెనీయే. అయితే 1644లో చైనాను ఏలుతున్న మింగ్ రాజవంశం కూలి, అక్కడ యుద్ధాలు సాగడంతో సరుకు రావడం తగ్గిపోయింది. కొనేవారు ఉన్నారు, సరుకు లేదు. అదే సమయంలో డెల్ఫ్ట్‌లో బీరు తయారీ దెబ్బతిని, పెద్ద పెద్ద భవనాలు ఖాళీ అవుతున్నాయి. కుమ్మరులు వాటిలో చేరి పాత్రలు కాల్చే బట్టీలు కట్టుకున్నారు.

ఇక పని ఎలా జరిగేదో చూడండి. మట్టిని రూపుదిద్ది, ఒకసారి కాల్చి, తగరపు పూత ద్రవంలో ముంచి తీస్తారు. అది ఆరాక పాత్ర మీద పొడిపొడిగా తెల్లని పొర మిగులుతుంది. దాని మీద, గీతల వెంట సన్నని రంధ్రాలు పొడిచిన కాగితాన్ని పరచి బొగ్గుపొడి అద్దితే బొమ్మ ఆనవాలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కల వెంట చిత్రకారుడు కోబాల్ట్ అనే లోహం నుంచి వచ్చే నీలిరంగుతో గీస్తాడు. కొత్తగా వెల్ల వేసిన గోడ నీటిని పీల్చినట్టు ఆ పొర రంగును తక్షణం పీల్చేస్తుంది కనుక గీసిన గీతను చెరపడం కుదరదు. చెయ్యి వణికితే ఆ వణుకు శాశ్వతంగా ఉండిపోతుంది. చివరగా పైన మెరుపు కోసం పారదర్శకమైన పూత చల్లి, పాత్రలను మట్టి పెట్టెల్లో ఉంచి, మళ్లీ సుమారు 1000 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఇంతటి నేర్పును చైనా పనికి నకలు అని తీసిపారేయడం నాకు అన్యాయమనిపిస్తుంది. పైగా ఆ కళాకారులు నకళ్లతో ఆగలేదు. ఇంగ్లండు రాణి రెండవ మేరీ కోసం పూలు అమర్చడానికి అంతస్తులు అంతస్తులుగా గోపురాల్లా లేచిన పూలపాత్రలు చేసిచ్చారు. సుమారు 13 సెంటీమీటర్ల గోడ పలకల మీద బొంగరాలు తిప్పే పిల్లలను, గాలిపటాలు ఎగరేసే పిల్లలను కూడా గీశారు. వంటింట్లో, పొయ్యి చుట్టూ అతికించే ఆ పలకలు చెమ్మ నుంచీ మసి నుంచీ గోడను కాపాడేవి.

18వ శతాబ్దంలో పరిస్థితి మారింది. జర్మనీలోని మైసెన్‌లో 1710లో అసలు పింగాణీ తయారీ మొదలైంది. తరవాత ఇంగ్లండు నుంచి చవకగా, గట్టిగా ఉండే మీగడ రంగు పాత్రలు వచ్చాయి. సులభంగా పెచ్చులూడే డెల్ఫ్ట్ పాత్రలు వాటి ముందు నిలవలేకపోయాయి. డెల్ఫ్ట్‌లోని కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడి, 19వ శతాబ్దం మధ్యకు 1653 నాటి ‘పోర్సెలేన్ ఫ్లెస్’ ఒక్కటే మిగిలింది. దాన్ని 1876లో యోస్ట్ థూఫ్ట్ అనే ఇంజనీరు కొని, తగరపు పూత అవసరం లేని తెల్లని మట్టితో చేతి చిత్రణను తిరిగి మొదలుపెట్టాడు. ఆ కార్ఖానా నేటికీ నడుస్తోంది.

ఇట్లు,
మీ తాతయ్య