మహమ్మారి తర్వాత పిల్లల దగ్గు, జలుబు, ఆయాసం: అపోహలు - వాస్తవాలు

కోవిడ్ తగ్గుముఖం పట్టాక పిల్లల వైద్యులందరికీ ఎదురైన ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, వీడికి నెల తిరక్కుండానే మళ్లీ జలుబు. ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంచేశాం కదా, దానివల్లే ఇమ్యూనిటీ పోయిందా?" అడిగే తల్లి గొంతులో దిగులుతో పాటు తప్పు చేశానేమోనన్న బాధ కూడా వినిపిస్తుంది. ఆ బాధ పెట్టుకోవాల్సిన పని లేదు. ఎందుకో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో ఉంచడం వల్ల పిల్లల రోగనిరోధక శక్తి బలహీనపడింది.

వాస్తవం: రోగనిరోధక వ్యవస్థ వాడకపోతే సన్నబడిపోయే కండరం కాదు. పేగుల్లోని సూక్ష్మజీవులు, తినే తిండి, వేయించిన టీకాలు, ఇంటి దుమ్ము కూడా దానికి రోజూ పని చెబుతూనే ఉంటాయి. మారింది పిల్లల శరీరం కాదు, ఒకేసారి జబ్బుపడగల పిల్లల సంఖ్య.

ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌నే తీసుకోండి. పసిపిల్లల్లో బ్రాంకియోలైటిస్‌కు, అంటే ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలు వాచి పిల్లికూతలు, ఆయాసం రావడానికి, ప్రధాన కారణం ఇదే. మామూలు రోజుల్లో రెండో పుట్టినరోజు లోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుంది. 2020లో సోకాల్సిన పిల్లలకు సోకలేదు. మరుసటి ఏడాది పుట్టినవాళ్లు వాళ్లకు తోడయ్యారు. పైగా తల్లులకు కూడా వైరస్ తగలకపోవడంతో కడుపులోని బిడ్డకు అందాల్సిన యాంటీబాడీలు తగ్గాయి. రాకపోకలు మొదలవగానే ఈ రెండు ఏడాదుల్లో సోకాల్సిన పిల్లలంతా ఒక్కసారే జబ్బుపడ్డారు, వార్డులు నిండిపోయాయి. బయటినుంచి చూసేవారికి పిల్లలంతా బలహీనపడ్డట్టు కనిపించింది అందుకే.

ఇంకో మాట తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. ఆర్‌ఎస్‌వీ అన్నిటికంటే ప్రమాదకరం మొదటి ఆరు నెలల్లో, గాలి గొట్టాలు మరీ ఇరుకుగా ఉన్నప్పుడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే మరీను. మొదటి ఇన్ఫెక్షన్ మూడు నెలల వయసులో కాకుండా ఏడాదిన్నరకు వస్తే చాలామంది బిడ్డలకు అది మేలే. పసికందును జబ్బుల నుంచి కాపాడిన తల్లి ఏ తప్పూ చేయలేదు.

అపోహ: లాక్‌డౌన్‌లో వైరస్‌లన్నీ మాయమయ్యాయి.

వాస్తవం: ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ అడుగంటాయి. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ మాత్రం తిరుగుతూనే ఉంది. బడులు తెరిచిన కొద్ది వారాలకే పుంజుకుంది కూడా. దానికి కొవ్వు పొర ఉండదు కాబట్టి సబ్బుకు, శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు, వస్తువుల మీద ఎక్కువసేపు బతుకుతుంది. నిజంగా కనుమరుగైనట్టు కనిపిస్తున్నది ఫ్లూలోని బి/యమగాటా రకం. 2020 మార్చి తర్వాత అది సహజంగా తిరుగుతున్నట్టు నిర్ధారణ కాలేదు. అందుకే దాన్ని ఫ్లూ టీకా నుంచి తీసేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

అపోహ: కోవిడ్ వైరసే మిగతావాటిని తరిమేసింది.

వాస్తవం: ఒక వైరస్ మరో వైరస్‌కు అడ్డుపడటం నిజమే. మొదటిది సోకగానే శ్వాసనాళపు కణాలు వైరస్‌లను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి, కొన్నాళ్లపాటు రెండోదానికి చోటు దొరకడం కష్టమవుతుంది. 2009 స్వైన్‌ఫ్లూ అప్పుడు కొన్ని దేశాల్లో ఆర్‌ఎస్‌వీ ఆలస్యంగా రావడానికి ఇదొక కారణమని భావిస్తారు. కానీ 2020లో కోవిడ్‌ను దాదాపు పూర్తిగా కట్టడి చేసిన న్యూజిలాండ్‌లో కూడా ఫ్లూ కనిపించలేదు. అక్కడ తరిమేంత కోవిడే లేదు. మనుషుల మధ్య దూరం, మూసిన సరిహద్దులు, మాస్కులే అసలు పని చేశాయి.

అపోహ: మళ్లీ వచ్చిన వైరస్‌లు కొత్తవి, మరింత భయంకరమైనవి.

వాస్తవం: 2022లో అమెరికాలో పిల్లల ఆసుపత్రులను నింపిన ఆర్‌ఎస్‌వీ జన్యువులను పరిశీలిస్తే, అవి మహమ్మారికి ముందే ఉన్న అనేక రకాల సంతతి అని తేలింది.

అపోహ: ఇదంతా వైరస్‌ల గొడవే, బ్యాక్టీరియాకు సంబంధం లేదు.

వాస్తవం: చాలా ఉంది. నెమ్ముకు, మెదడు పొరల వాపుకు దారితీసే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా చాలామంది చిన్నపిల్లల ముక్కులో ఊరికే కాపురం ఉంటుంది. 2020లో ఆ జబ్బులు బాగా తగ్గాయి. విచిత్రమేమిటంటే, ఇజ్రాయెల్‌లో పరీక్షించి చూస్తే ముక్కులో బ్యాక్టీరియా దాదాపు అలాగే ఉంది. లోపలికి దారి తెరిచే వైరస్‌లు లేకపోవడమే తేడా. 1918 మహమ్మారిలో కూడా ఎక్కువ మరణాలకు ఫ్లూ వెంట వచ్చిన బ్యాక్టీరియా నెమ్మే కారణం. ఆంక్షలు పోయాక 2022 చివర్లో, గొంతునొప్పి తెచ్చే గ్రూప్ ఎ స్ట్రెప్ బ్యాక్టీరియా ఐరోపాలో పిల్లల ప్రాణాలు తీసింది. నెమ్ము తెచ్చే మరో బ్యాక్టీరియా మైకోప్లాస్మా అన్నిటికంటే ఆలస్యంగా 2023లో తిరిగొచ్చింది.

అపోహ: తప్పిపోయిన టీకాలు ఇప్పుడు వేయించినా లాభం లేదు.

వాస్తవం: మహమ్మారి మిగిల్చిన అసలు నష్టం ఇక్కడే ఉంది, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేదీ ఇదే. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2.5 కోట్ల మంది పిల్లలకు ప్రాథమిక టీకాలో ఒకటో, అంతకంటే ఎక్కువో డోసులు తప్పిపోయాయి. రోగనిరోధక శక్తిని నిజంగా దెబ్బతీసే జబ్బు తట్టు. అంతకుముందు శరీరం గుర్తుపెట్టుకున్న రకరకాల క్రిములపై యాంటీబాడీలను కూడా అది చెరిపేస్తుంది. ఆ బిడ్డకు నెలల తరబడి నెమ్ము లాంటివి పట్టుకుంటూనే ఉంటాయి. కోరింత దగ్గు కూడా చాలా దేశాల్లో తిరగబెట్టింది. డోసు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచే సాధారణంగా కొనసాగిస్తారు. కార్డు తీసుకుని వెళ్లండి.

అపోహ: ఇది ఆర్‌ఎస్‌వీ కాలం కాదు, మామూలు జలుబే అయ్యుంటుంది.

వాస్తవం: శీతాకాలపు జబ్బు ఆస్ట్రేలియాలో 2020 చివర్లో, అంటే అక్కడి వేసవిలో వచ్చింది, అమెరికాలో 2021 వేసవిలో వచ్చింది. నెల ఏదైనా సరే, బిడ్డ నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం పూర్తయ్యేదాకా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకుమించి ఉంటే ఆ రోజే చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగినట్టున్నా లెక్క కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.