క్రియాటినిన్ పెరిగింది, మాత్ర మానేయాలా?

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారికి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మూత్రంలో ప్రోటీన్ పోతోందని డాక్టరు కొత్తగా ఒక బీపీ మాత్ర రాసి, ఇది కిడ్నీలను కాపాడుతుందన్నారు. కొన్ని వారాల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 నుంచి 1.7కి పెరిగింది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి వడకట్టి పంపేసే ఒక వ్యర్థం; వడపోత తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. ఇంట్లో అందరికీ టెన్షన్. కాపాడుతుందన్న మాత్రే కిడ్నీని తినేస్తోందని అనుకుని ఆయన ఎవరికీ చెప్పకుండా మానేశారట. ఆయన చేసింది తప్పేనా అని ఆవిడ అడుగుతున్నారు.

మానేయడం తప్పే. కానీ ఆయన చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి చూస్తే ఆ ఆలోచనలో వంకపెట్టడానికేమీ లేదు. మాత్ర వేసుకున్నారు, అంకె చెడింది, మాత్ర ఆపారు. ఎవరైనా అదే చేస్తారు. ఈ అంకె కొంచెం పెరుగుతుందనీ, పెరగడమే మందు పనిచేస్తోందనడానికి ఒక గుర్తు కావచ్చనీ ముందే చెప్పి ఉంటే ఆయన మానేసేవారు కాదు. అలా ఎందుకు పెరుగుతుందో చెప్పాలంటే కిడ్నీ లోపలికి వెళ్ళాలి. మొత్తం శరీరశాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన చోటు అది, కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాం.

కిడ్నీ ఏ ఆకారంలో ఉంటుంది, ఎక్కడుంటుంది అన్నవి బడి పుస్తకాల్లోనే ఉన్నాయి, వదిలేద్దాం. ఆ పుస్తకాలు పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలు. మనిషికీ మనిషికీ ఈ సంఖ్యలో చాలా తేడా ఉంటుంది. తల్లి కడుపులో 36వ వారం వచ్చేసరికి వాటి తయారీ ఆగిపోతుంది. ఆ తర్వాత పోయేవే గానీ కొత్తగా వచ్చేవి లేవు.

అంటే ఇది కొత్త నియామకాలు శాశ్వతంగా ఆపేసిన ఆఫీసు. సిబ్బంది ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు, వచ్చే ఫైళ్ళు మాత్రం తగ్గవు. మిగిలినవాళ్ళు భోజనం మానేసి, పొద్దుపోయేదాకా కూర్చుని అన్నీ పూర్తి చేస్తారు. నెలాఖరు రిపోర్టు చూసిన పై అధికారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫైళ్ళు కదులుతున్నాయి కదా! ఎవరు ఎంత మోస్తున్నారన్నది రిపోర్టులో ఉండదు. కొన్నాళ్ళకు ఆ భారం మోసినవాళ్ళలోనే కొందరు కూలిపోతారు. వాళ్ళ వాటా మిగిలినవాళ్ళ మీద పడుతుంది. అక్కణ్ణుంచి పతనానికి మొదటి కారణంతో పని లేదు. షుగరు వల్లనో బీపీ వల్లనో కొందరు పోయారు, ఆ తర్వాత అదనపు పనే మిగతావాళ్ళను తీసుకుపోతుంది.

దీన్ని ప్రయోగాల ఆధారంగా ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు అమెరికా కిడ్నీ వైద్యుడు బారీ బ్రెన్నర్. ఎలుకల్లో కిడ్నీ కణజాలాన్ని చాలావరకు తీసేసి, మిగిలిన ముక్కలో ఒక్కో నెఫ్రాన్ ఎంత వడకడుతోందో ఆయన బృందం కొలిచింది. అది మామూలుకన్నా రెండింతలు దాటింది. కొన్నాళ్ళకు ఆ కష్టపడిన నెఫ్రాన్లే గట్టిపడి మచ్చలుగా మారాయి. 1982లో వచ్చిన వాళ్ళ వ్యాసం తర్వాత కిడ్నీ జబ్బు గురించి వైద్యులు ఆలోచించే తీరే మారింది. అలాగని ఒక కిడ్నీ దానం చేసినవాళ్ళు దీన్ని చదివి కంగారు పడక్కర్లేదు. వాళ్ళలో మిగిలిన కిడ్నీ పని పెంచుకుని, రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతం దాకా చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అంత బరువును చాలామందిలో ఏళ్ళ తరబడి మోయగలదు.

ఇప్పుడు కొంచెం లోతుకు వెళదాం. నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నటి రక్తనాళాల ముద్ద ఉంటుంది. శరీరంలో దాదాపు ఎక్కడైనా ఇలాంటి సన్న నాళాలు ఒక వైపు ధమనితో మొదలై రెండో వైపు సిరలో కలుస్తాయి. ఇక్కడ మాత్రం రెండు వైపులా చిన్న ధమనులే. లోపలికి వచ్చేది ఒకటి, బయటికి పోయేది ఒకటి. రెండింటికీ కండర గోడలున్నాయి, రెండూ విడివిడిగా బిగుసుకోగలవు, వదులు కాగలవు. బయటికి పోయేది బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, వడపోతా పెరుగుతుంది. లోపలికి వచ్చేది బిగిస్తే రెండూ తగ్గుతాయి. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప అంతా వెనక్కి తీసుకునే వ్యవహారం ఈ రెండు బిగింపుల మీదే నడుస్తోంది.

నెఫ్రాన్లు తగ్గినప్పుడు మిగిలినవాటిలో లోపలికి వచ్చే ధమని వదులవుతుంది, బయటికి పోయేదాన్ని యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను బిగించి ఉంచుతుంది. ఒక్కో నెఫ్రాన్ ఎక్కువ పని చేయడమంటే ఇదే. ఆ ఒత్తిడికి వడపోత గోడను అంటిపెట్టుకున్న పోడోసైట్ కణాలు ఊడిపోతాయి. అవి మళ్ళీ విభజన చెంది ఖాళీని నింపడం దాదాపు జరగదు. అక్కణ్ణుంచే ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష అంత విలువైనది. రిపోర్టు బాగున్నప్పుడే లోపలివాళ్ళు అలిసిపోతున్నారని చెప్పేది అదొక్కటే. క్రియాటినిన్ చూసి మూత్రం చూడకపోతే సగం జబ్బును చూడనట్టే.

పాఠకురాలి నాన్నగారికి ఇచ్చింది బహుశా పేరు చివర ‘ప్రిల్’ అనో ‘సార్టన్’ అనో ఉండే మందు. ఇవి యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుని బయటికి పోయే ధమనిని వదులు చేస్తాయి. గ్లోమెరులస్‌లో ఒత్తిడి తగ్గుతుంది. ఒక్కో నెఫ్రాన్ చేసే పని తగ్గుతుంది. మొత్తం వడపోత కొంచెం పడిపోతుంది, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. ఆఫీసులో ఎవరూ ఓవర్‌టైం చేయకూడదని ఉత్తర్వు వస్తే ఆ నెల రిపోర్టు పడిపోక ఏమవుతుంది? కానీ సిబ్బంది నిలుస్తారు. కాప్టోప్రిల్‌తో 1993లో, లోసార్టన్, ఇర్బెసార్టన్‌లతో 2001లో వచ్చిన పెద్ద పరీక్షల ఫలితాలు చూపించింది ఇదే: షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో జబ్బు ముదరడాన్ని ఈ మందులు నెమ్మదింపజేస్తాయి.

మందు మొదలెట్టాక నాలుగు వారాల్లో క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు కొనసాగిస్తారు. 1.4 నుంచి 1.7 అంటే 21 శాతం. పొటాషియం కూడా చూడాలి, ఇవి దాన్ని పెంచుతాయి. 30 శాతం దాటితే మాత్రం కారణం వెతకాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయిందా, కిడ్నీకి వచ్చే పెద్ద ధమని సన్నబడిందా అని చూస్తారు. జబ్బు బాగా ముదిరాక ఈ మందులు ఆపితే కిడ్నీ తేరుకుంటుందేమో అన్న అనుమానం వైద్యుల్లోనూ ఉండేది. దాన్ని సూటిగా పరీక్షించిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. ఆపినందువల్ల కిడ్నీ పనితీరు ఏమీ మెరుగుపడలేదు.

రెండో ధమని, అంటే లోపలికి వచ్చేదాని కథ ఇంకా అందంగా ఉంటుంది. యాపిల్ చెట్టు వేరు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది మూత్రంలో చక్కెర పోయేలా చేస్తుందని తర్వాత తెలిసింది. దాని వారసులే ఇప్పటి ‘గ్లిఫ్లోజిన్’ మందులు. షుగరు తగ్గించడానికి వచ్చిన ఇవి కిడ్నీకి చేసే మేలు వేరు. వడకట్టిన ద్రవం సాగిపోయే నాళిక మొదట్లో చక్కెరతో పాటు సోడియం వెనక్కి పోవడాన్ని ఇవి ఆపుతాయి. ముందుకు వెళ్ళిన ఆ ఉప్పును మాక్యులా డెన్సా అనే కణాల గుంపు పసిగట్టి, వడపోత మరీ ఎక్కువైపోయిందని లోపలికి వచ్చే ధమనిని బిగించమంటుంది. మళ్ళీ ఒత్తిడి తగ్గింది, మళ్ళీ మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరిగింది. 2019, 2020లలో వచ్చిన రెండు పెద్ద పరీక్షలను, లాభం అంత స్పష్టంగా కనబడటంతో, ముందే ముగించారు. రెండోదానిలో షుగరు లేనివాళ్ళు కూడా ఉన్నారు.

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా లోపలికి వచ్చే ధమనినే బిగిస్తాయి, దాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. మరి అవీ కాపాడాలి కదా అనొచ్చు. కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, లేదా పైన చెప్పిన బీపీ మందుతో పాటు మూత్రం ఎక్కువ చేసే మాత్ర కూడా వేసుకుంటున్నప్పుడు, కిడ్నీకి రక్తం అందడానికి మిగిలింది ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అప్పుడు నొప్పి మాత్ర వేస్తే వడపోత ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఒళ్ళునొప్పులకు సొంతంగా ఏం కొనుక్కుని వేసుకుంటున్నారో అడగని డాక్టరు ఎంత మంచి మందు రాసినా పని సగమే అయినట్టు.

ఇంకో చిన్న లెక్క. వడపోత సగమైతే క్రియాటినిన్ సుమారు రెట్టింపవుతుంది, రెండూ విలోమంగా నడుస్తాయి. 0.8 ఉన్నప్పుడు వడపోత నిమిషానికి 120 మిల్లీలీటర్లు అనుకుందాం. 1.2 అయితే అది 80కి దిగినట్టు, అంటే 40 పోయింది. అదే మనిషికి 5 నుంచి 6 అయితే 19 నుంచి 16కి దిగినట్టు, పోయింది మూడే. కానీ ఇంట్లో కంగారు పుట్టేది 5 నుంచి 6 అయినప్పుడు. 1.2 అయిన రోజున ‘నార్మలే’ అనుకుని కాగితం మడిచి పెట్టేస్తారు. పైగా క్రియాటినిన్ వచ్చేది కండరాల నుంచి. బక్కచిక్కిన ముసలావిడకు 1.1 అంటే మంచి అంకె కాకపోవచ్చు.

ఇదంతా రోగికి చెప్పాలా అంటే, చెప్పకపోతే మందు లోపలికి వెళ్ళదు. కిడ్నీ వైద్యంలో ఈమధ్య రోగిని కేంద్రంగా పెట్టుకోవాలనీ, మనిషిని మొత్తంగా చూడాలనీ బాగా వినిపిస్తోంది. ఆ మాటల్ని దయాదాక్షిణ్యాల ఖాతాలో వేయడం నాకు నచ్చదు. మాత్ర ఎందుకు పనిచేస్తుందో తెలియని మనిషి మొదటి రిపోర్టుకే దాన్ని ఆపేస్తాడు. అర్థమయ్యేలా చెప్పడం మోతాదు రాయడం లాంటిదే, చికిత్సలో ఒక భాగం.

‘మొత్తంగా చూడటం’ అన్న మాటను పట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళూ ఉన్నారు. కిడ్నీలను కడిగేసే పొడులు, కషాయాలు అమ్ముతారు. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గడానికి మూలికల మందు వాడిన ఆడవాళ్ళలో పలువురికి కిడ్నీలు వేగంగా చెడిపోయాయి. కారణం అరిస్టోలోకియా జాతి మొక్కల్లోని ఒక ఆమ్లం. అది కేన్సర్ కూడా తెస్తుంది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే నమ్మకానికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. నీళ్ళు బాగా తాగితే కిడ్నీలు శుభ్రపడతాయన్నదీ అలాంటి నమ్మకమే. కిడ్నీ జబ్బున్నవాళ్ళ చేత ఏడాదిపాటు ఎక్కువ నీళ్ళు తాగించి చూసిన కెనడా పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. పనితీరు తగ్గే వేగంలో తేడా రాలేదు.

ఇంతకీ ఆ ఆఫీసులో ఎవరి లెక్కలోకీ రాని ఉద్యోగి ఒకరున్నారు: రోగి. నెఫ్రాన్లు వదిలేసిన పనిలో పెద్ద భాగం ఆయన మీదే పడుతుంది. ఉప్పు లెక్క, పొటాషియం లెక్క, రక్తపరీక్షలు, షుగరు డాక్టరు ఒకటి చెబితే గుండె డాక్టరు ఇంకొకటి చెప్పడం. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు రోజుకు ఎన్ని మాత్రలు మింగుతున్నారో లెక్కపెట్టిన ఒక అధ్యయనంలో (2009) మధ్యస్థంగా 19 తేలింది! పైగా వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు యంత్రం పక్కన. ఆయన కూడా ఓవర్‌టైంలోనే ఉన్నాడు, ఆయనా ఏదో ఒక రోజు చేతులెత్తేస్తాడు. దాన్ని వైద్యులు ‘మాట వినని రోగి’ అని రాసుకుంటారు. కొత్త మాత్ర రాసేముందు పాత చీటీలో ఏది తీసేయొచ్చో చూడటం కూడా గ్లోమెరులస్‌లో ఒత్తిడి తగ్గించడం లాంటి పనే.

డయాలసిస్ ఎప్పుడు మొదలెట్టాలన్న విషయంలోనూ అంతే. ముందుగా మొదలెడితే ఎక్కువకాలం బతుకుతారన్న నమ్మకాన్ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందితో పరీక్షించారు. 2010లో ఫలితం వచ్చింది: తొందరపడినందువల్ల ఆయుష్షు పెరగలేదు. కాబట్టి అంకె ఒక్కటే చూసి మొదలెట్టక్కర్లేదు. ఆయాసం ఉందా, ఆకలి చచ్చిందా, ఏ పని చేసుకోలేకపోతున్నారు అని మనిషిని అడిగి నిర్ణయించవచ్చు. బాగా వయసు మళ్ళి, ఇతర జబ్బులతో మంచాన పడినవాళ్ళ విషయంలో డయాలసిస్ లేకుండా దురద, ఆయాసం, నొప్పి తగ్గిస్తూ చూసుకోవడమూ సరైన వైద్యమే. దాన్ని ‘ఇక చేసేదేం లేదు’ అన్న మాటతో కలిపేస్తే అన్యాయం.

డయాలసిస్ పరిశోధనల్లో ఏది కొలవాలో రోగులనూ ఇంటివాళ్ళనూ అడిగి తేల్చడానికి సాంగ్ అనే అంతర్జాతీయ ప్రయత్నం జరిగింది. తేలిన నాలుగు ముఖ్యాంశాల్లో మరణం, గుండె జబ్బు, సూది గుచ్చే రక్తనాళం బాగుండటంతో పాటు నీరసం కూడా ఉంది. అంతకుముందు పరిశోధనల్లో దాన్ని పట్టించుకున్నవి తక్కువ. నిజానికి డయాలసిస్ అయ్యాక మామూలు మనిషి కావడానికి ఎన్ని గంటలు పడుతోందని అడిగితే చాలు, చాలా తెలుస్తుంది. ఎక్కువ గంటలు పట్టేవాళ్ళు ఆసుపత్రి పాలవడం, చనిపోవడం ఎక్కువని పెద్ద అధ్యయనాల్లో కనబడింది.

దీని వెనకా ఒక యంత్రాంగం ఉంది. యంత్రం నీటిని తీసేది రక్తం నుంచి, కణజాలంలోని నీరు రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది. వేగంగా లాగితే బీపీ పడిపోతుంది, గుండె కండరానికి రక్తం చాలదు. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటితే ముప్పు పెరుగుతుందని పరిశీలనల్లో తేలింది. 60 కిలోల మనిషి నుంచి నాలుగు గంటల్లో నాలుగు లీటర్లు తీస్తే అది 16.7. ఐదు గంటల్లో తీస్తే 13.3. నాలుగు గంటలే, కానీ మూడు లీటర్లే తీస్తే 12.5. ఇంటికెళ్ళాక రాత్రిదాకా లేవలేకపోతున్నానని రోగి చెబితే సమయం పెంచవచ్చు, డయాలసిస్ ద్రవం వేడిని అర డిగ్రీ, డిగ్రీ తగ్గించి చూడవచ్చు, రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎందుకు పెరుగుతోందో ఉప్పు దగ్గర మొదలుపెట్టి వెతకవచ్చు. ఐదో గంట కూర్చోవడానికి ఆయన ఇష్టపడతాడా లేదా అన్నది మాత్రం ఆయన్నే అడగాలి. ఇంటికి ఒక గంట ఆలస్యంగా వెళ్ళినా సాయంత్రం లేచి తిరగగలిగితే నయమనేవాళ్ళున్నారు, ఇంకో గంట ఆ కుర్చీలో కూర్చోలేమనేవాళ్ళూ ఉన్నారు.