జనరేటరు బ్రేకరు మొరాయిస్తే: అపోహలు - వాస్తవాలు

లోపాన్ని పసిగట్టే రిలే ట్రిప్ (తెరుచుకోమనే) ఆదేశం ఇచ్చినా, సర్క్యూట్‌ను తెంచాల్సిన బ్రేకరు తెరుచుకోని సందర్భం కోసమే మన స్విచ్‌యార్డుల్లో ఎల్‌బీబీ (లోకల్ బ్రేకర్ బ్యాకప్) రక్షణ పెడతారు. టైమరు గడువు వరకు చూసి, మొరాయించిన బ్రేకరును పక్కనపెట్టి, సర్క్యూట్లన్నీ కలిసే ఉమ్మడి కడ్డీ అయిన అదే బస్‌బార్‌పై ఉన్న మిగతా బ్రేకర్లన్నిటినీ తెరిపించడం దాని పని. లైన్ల విషయంలో ఈ లెక్క సూటిగానే ఉంటుంది. అదే అలవాటుతో జనరేటరు దగ్గరికి వచ్చేవాళ్లు నాకు తరచుగా తగులుతుంటారు. వాళ్లతో వాదించిన మాటలే ఇవి.

అపోహ: కరెంటు లేదంటే బ్రేకరు తెరుచుకున్నట్టే.

లైనుకైతే సరే. 500 మెగావాట్ల యూనిట్టు సంగతి చూడండి. 400 కేవీ వైపు దాని పూర్తి లోడు కరెంటు సుమారు 850 ఆంపియర్లు. సీటీ (కరెంటును కొలతకు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) 1000/1 అనుకుంటే, ఎల్‌బీబీ కరెంటు ఎలిమెంటును (కరెంటు ఇంకా ఉందో లేదో చూసే భాగాన్ని) మామూలుగా 20 శాతం దగ్గర, అంటే 200 ఆంపియర్ల వద్ద పెడతారు. ఇప్పుడు బాయిలరు వైపో టర్బైను వైపో ఏదో లోపం వచ్చింది. ఆవిరి మూయకముందే బ్రేకరు తెరిస్తే లోడు పోయిన టర్బైను వేగం హద్దు దాటవచ్చు. అందుకని ముందు ఆవిరి వాల్వులు మూస్తారు, యంత్రమే గ్రిడ్ నుంచి కరెంటు లాగుతోందని చెప్పే రివర్స్ పవర్ రిలే పలికాకే బ్రేకరుకు ఆదేశం వెళుతుంది. ఆ క్షణాన యంత్రం గ్రిడ్ నుంచి తీసుకునేది రెండు శాతం అనుకున్నా పది మెగావాట్లే. 400 కేవీ వైపు అది 14 ఆంపియర్లు. రియాక్టివ్ కరెంటు కాస్త కలిసినా 200 ఎక్కడ, ఇది ఎక్కడ? బ్రేకరు మూసే ఉన్నా, తెరుచుకుందనే రిలే అనుకుంటుంది. ఈలోగా ఆవిరి ప్రవాహం లేక, టర్బైను చివరి వరుస బ్లేడ్లు ఆ తిరుగుడుకే వేడెక్కుతుంటాయి.

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే పరిస్థితి కాదని గమనించండి. యూనిట్టును రోజువారీగా ఆపే పద్ధతే ఇది. అందుకే జనరేటరు ఎల్‌బీబీలో కరెంటు ఎలిమెంటుతో పాటు బ్రేకరు ఆక్సిలరీ కాంటాక్టును (మెకానిజంతో పాటు కదిలి బ్రేకరు స్థితి చెప్పే చిన్న స్విచ్చును) కూడా సమాంతరంగా కలుపుతారు. రెంటిలో ఏది ‘ఇంకా మూసే ఉంది’ అన్నా టైమరు నడవాలి.

అపోహ: అలాగైతే ఆక్సిలరీ కాంటాక్టు ఒక్కటే చాలు.

చాలదు. అది చెప్పేది మెకానిజం ఎక్కడ ఉందనే గానీ, లోపల ఆర్క్ ఆరిందా లేదా అని కాదు. మధ్యలో కడ్డీలు, లివర్లు ఉంటాయి. ఒక పిన్ను ఊడితే కాంటాక్టు ఒకటి చెబుతుంది, పోలు (ఒక్కో ఫేజును తెంచే భాగం) మరోచోట ఉంటుంది. అదే కాంటాక్టు అతుక్కుపోతే ఆరోగ్యంగా తెరుచుకున్న బ్రేకరుకు కూడా ఎల్‌బీబీ పలికి బస్‌బార్ మొత్తం పడిపోతుంది. కాబట్టి ఆ దారిని కరెంటు తక్కువగా ఉండే రక్షణలకు మాత్రమే వదలడం నాకు సబబుగా కనిపిస్తుంది.

అపోహ: తెరిచి ఉన్న బ్రేకరు విఫలం కాదు.

నేను ఎక్కువగా భయపడేది దీనికే. సింక్రనైజ్ చేసే (గ్రిడ్‌తో లయ కలిపి జోడించే) ముందు యూనిట్టు పూర్తి వోల్టేజితో తిరుగుతుంటుంది, బ్రేకరు తెరిచే ఉంటుంది. 400 కేవీలో ఒక్కో ఫేజు వోల్టేజి 231 కేవీ. యంత్రం, గ్రిడ్ ఎదురెదురు కోణాల్లోకి వచ్చినప్పుడు తెరిచి ఉన్న కాంటాక్టుల మధ్య దానికి రెట్టింపు, అంటే దాదాపు 462 కేవీ నిలబడుతుంది. ఫ్రీక్వెన్సీల తేడా 0.1 హెర్ట్జ్ ఉంటే ప్రతి పది సెకన్లకు ఒకసారి ఇలా జరుగుతుంది. గ్యాసు పీడనం తగ్గి ఉంటే ఒక పోలులో ఆ ఖాళీని దాటి ఆర్క్ రావచ్చు. అప్పుడు ఆక్సిలరీ కాంటాక్టు ‘తెరిచే ఉంది’ అంటుంది. ఏ రక్షణా వెంటనే ట్రిప్ ఇవ్వకపోతే ఎల్‌బీబీ మొదలే కాదు. ఇచ్చినా తెరిచి ఉన్న బ్రేకరును మళ్లీ తెరిచి లాభమేమిటి?

అందుకే దీనికి వేరే తర్కం పెడతారు. బ్రేకరు తెరిచి ఉందన్న సూచన, జనరేటరు ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌లో కరెంటు, రెండూ కలిస్తే టైమరు మొదలవ్వాలి. ముందు ఫీల్డ్ బ్రేకరు తెరిచి ఎక్సైటేషన్ (రోటరును అయస్కాంతంగా ఉంచే కరెంటు) తీసేయాలి. అప్పటికీ ఆగకపోతే పక్క బ్రేకర్ల వంతు.

అపోహ: టైమరు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

బ్రేకరు ఆర్క్ ఆర్పడానికి 60 మిల్లీసెకన్లు, కరెంటు ఎలిమెంటు వెనక్కి రావడానికి మరికొంత, ఆపైన భద్రతా విరామం. ప్రైమరీలో కరెంటు ఆగినా సీటీ సెకండరీలో కాసేపు మిగిలే కరెంటు తోక వల్ల ఎలిమెంటు ఆలస్యంగా దిగుతుంది. మన దగ్గర వాడుకలో ఉన్న 200 మిల్లీసెకన్లు ఊరికే వచ్చిన అంకె కాదు.

అపోహ: పక్క బ్రేకర్లు తెరుచుకుంటే జనరేటరు సురక్షితం.

బస్‌బార్ లోపానికి యూనిట్టు బ్రేకరు తెరుచుకోలేదనుకోండి. మిగతావన్నీ తెరుచుకున్నా జనరేటరు తన ట్రాన్స్‌ఫార్మరు గుండా ఆ లోపానికి కరెంటు ఇస్తూనే ఉంటుంది. రోటరు ఫీల్డ్ తగ్గడానికి సెకన్లు పడుతుంది. కాబట్టి ఎల్‌బీబీ ట్రిప్ టర్బైనుకూ, ఫీల్డ్ బ్రేకరుకూ కూడా వెళ్లాలి. జనరేటరు టెర్మినల్స్ దగ్గరే వేరే బ్రేకరు ఉన్న చోట ఈ బాధ తక్కువ.

అపోహ: రెండు రిలేలు, రెండు ట్రిప్ కాయిల్స్ ఉన్నాయి, ఇక భయమెందుకు?

రిలేలకూ, బ్రేకరును తెరిపించే ట్రిప్ కాయిల్స్‌కూ శక్తి వచ్చేది స్టేషన్ బ్యాటరీల డీసీ నుంచే. అది పోతే ఏమవుతుందో చూడండి. 2021 మే 25న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కాలైడ్ సీ4 యూనిట్టు నడుస్తూ ఉండగా కొత్త బ్యాటరీ చార్జరును సర్వీసులోకి తెచ్చే పని జరిగింది. డీసీ పోయింది, ఏసీ కూడా పోయింది. రక్షణ వ్యవస్థలు యూనిట్టును గ్రిడ్ నుంచి విడదీయలేకపోయాయి. అది అరగంటకు పైగా మోటారుగా తిరిగి, చివరికి ధ్వంసమైంది. ఆ వరుసలో నాలుగున్నర లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది.

మీ స్టేషన్ డ్రాయింగులు ఒకసారి తెరవండి. మొదటి ట్రిప్ కాయిల్, రెండో ట్రిప్ కాయిల్, ఎల్‌బీబీ రిలే, ఫీల్డ్ బ్రేకరు: ఈ నాలుగింటికీ డీసీ ఏ బ్యాటరీ నుంచి, ఏ ఫ్యూజు గుండా వస్తోందో వేలితో గీసుకుంటూ వెళ్లండి. రెండు గీతలు ఒకే ఫ్యూజు దగ్గర కలిస్తే తర్వాతి షట్‌డౌన్‌లో మొదట చేయించాల్సిన పని అదే.