నెట్‌లో ఎన్జీఓల్ని వెతకడం: నేను రోజూ వినే అపోహలు

చిన్న ట్రస్టులకు, సొసైటీలకు కాగితాల పని చేసిపెట్టడం నా వృత్తి. అందుకే "ఫలానా సంస్థ మంచిదేనా, కాస్త నెట్‌లో చూసి చెప్పు" అని తెలిసినవాళ్లంతా నాకే ఫోన్ చేస్తారు. నెట్‌లో చూస్తే మంచిదో కాదో తెలియదండీ, ఎక్కడ ఏం రిజిస్టర్ అయిందో మాత్రం తెలుస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

అపోహ: దర్పణ్ నంబరు ఉందంటే ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసినట్టే.

వాస్తవం: ఎన్జీఓ దర్పణ్ నీతి ఆయోగ్ పోర్టల్. అందులో వివరాలు నింపేది సంస్థవాళ్లే. పాన్, రిజిస్ట్రేషన్ కాగితాలు, కమిటీ సభ్యుల వివరాలు ఇస్తే ఒక యునీక్ ఐడీ వస్తుంది, కేంద్రం గ్రాంట్లకు అప్లై చేయాలంటే అది కావాలి. అంతేగానీ ఎవరో ఊరికొచ్చి, పిల్లలకి నిజంగా అన్నం పెడుతున్నారా లేదా అని చూసి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. లెటర్‌హెడ్ మీద "నీతి ఆయోగ్ గుర్తింపు పొందినది" అని పెద్దక్షరాలతో అచ్చేయించుకుంటారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

కానీ వెతుక్కోవడానికి దాన్ని మించింది లేదు. రాష్ట్రాన్ని బట్టి, పనిచేసే రంగాన్ని బట్టి జాబితా తీయొచ్చు. పేరుతో వెతికేటప్పుడు మాత్రం పూర్తి పేరు కొట్టకండి. 'గ్రామీణ' అన్న మాటకి ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో సంస్థ ఒక్కోలా రాస్తుంది, 'సేవ'కి ఒకరు వి పెడితే ఇంకొకరు డబ్ల్యూ పెడతారు, ఒక్క అక్షరం తేడా వస్తే "ఫలితాలు లేవు" అంటుంది, మీరేమో అది దొంగ సంస్థ అనుకుంటారు. సగం మాట కొట్టి చూడండి. ఇంకో చిక్కు, ఊళ్లో అందరూ పిలిచే పేరు ఒకటి, రిజిస్టరైన పేరు మరొకటి ఉంటుంది. రసీదు మీద ఉన్న పేరే అసలు పేరు.

అపోహ: గూగుల్‌లో పైన వచ్చింది, పైగా అడ్రస్ చివర డాట్ ఆర్గ్ ఉంది, కాబట్టి నమ్మొచ్చు.

వాస్తవం: డాట్ ఆర్గ్ డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇక పైన రావడం సంగతంటారా, అర్హత ఉన్న సంస్థలకు గూగులే నెలకు 10,000 డాలర్ల దాకా విలువైన సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. అది వాడుకోవడం తప్పేం కాదు, తెలివైన పని. కాకపోతే పైన కనిపించేది ప్రకటన అని మీకు గుర్తుండాలి.

అపోహ: 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు వచ్చేలా సంస్థకిచ్చే అనుమతి) ఉందని చెప్పారు, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: ఎప్పటి 80జీ? 2021 ఏప్రిల్ నుంచి పాత సంస్థలన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడిచ్చే అనుమతులకు గడువు ఉంటుంది. గోడకి ఫ్రేమ్ కట్టి వేలాడదీసిన 2009 నాటి ఉత్తర్వు చూపిస్తే నవ్వి ఊరుకోండి. మీకు పన్ను మినహాయింపు కావాలంటే విరాళం సర్టిఫికెట్ (ఫారం 10బీఈ) అడగండి, వాళ్లు దాన్ని ఆదాయపు పన్ను పోర్టల్ నుంచే తీసివ్వాలి. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే రాదు, ఇది తెలియక మార్చి నెలాఖరులో టెన్షన్ పడేవాళ్లు బోలెడు మంది.

అపోహ: అమెరికా నుంచి మన ఊరి బడికి డబ్బు పంపడానికి రూల్సేంటి, మన డబ్బే కదా!

వాస్తవం: ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మీది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. పౌరసత్వం మారిందో, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, వస్తుంది. అప్పుడు ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు పడాల్సింది ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి, అక్కడి పౌరుడే, ఒక ట్రస్టు ఇచ్చిన లోకల్ ఖాతా నంబరుకి పంపేయబోయి చివర్లో నాకు ఫోన్ చేశాడు. పంపి ఉంటే వాడికన్నా ఆ ట్రస్టుకే పెద్ద తలనొప్పి అయ్యేది. అక్కడే ఒక అమెరికా సంస్థకి ఇస్తున్నారా, అయితే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైట్‌లో వాళ్ల ఈఐఎన్ (అక్కడి పన్ను గుర్తింపు) నంబరు కొట్టి, వాళ్లు ఏటా దాఖలు చేసే ఫారం 990 చదవండి. ఎక్కువ జీతాలు తీసుకునే అధికారుల వివరాలు కూడా అందులో ఉంటాయి. మన దగ్గర అంత వివరంగా ఒకేచోట దొరకదు, అది నిజం.

అపోహ: వెబ్‌సైట్ లేదంటే పని చేయట్లేదనే.

వాస్తవం: నేను చూసిన మంచి సంస్థల్లో సగానికి వెబ్‌సైట్ లేదు, ఉన్నవాటిలో కొన్నింటికి హోమ్‌పేజీ మీద ఇంకా పాత సంక్రాంతి ముగ్గుల పోటీ ఫొటోలే ఉన్నాయి. వీళ్లని పట్టుకోవడానికి నేను వాడే దారి వేరు. మీ జిల్లాలో ఫ్యాక్టరీ ఉన్న పెద్ద కంపెనీ ఏదైనా తీసుకుని, దాని వార్షిక నివేదికలో సీఎస్సార్ (కంపెనీ సమాజం కోసం పెట్టే ఖర్చు) భాగం తెరవండి. ఏ సంస్థ చేత పని చేయించారో కొన్నిసార్లు పేరుతో సహా ఉంటుంది. ఆ పేరు తీసుకెళ్లి దర్పణ్‌లో వెతకండి.

అపోహ: ఎన్జీఓల దగ్గర దొరికేది డబ్బు సాయమే.

వాస్తవం: బడి టీచర్లు ఎవరైనా చదువుతుంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో భాష తెలుగు అని పెట్టి చూడండి. పిల్లల కథలు బొమ్మలతో సహా ఉచితం, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి పేర్లు ప్రస్తావించి ప్రింటు తీసుకుని పంచుకోవచ్చు, మీ యాసలోకి మార్చి రాసుకోవచ్చు కూడా.