చిరుతను పట్టుకెళ్లి దూరంగా వదిలేస్తే బెడద తీరుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వన్యప్రాణుల వైద్యుడిగా నేను ఏ ఊరికి వెళ్లినా, చిరుత కనిపించిందన్న కబురు వెనకే ఒకే కోరిక వినిపిస్తుంది: “బోను పెట్టి పట్టుకుని నల్లమలలో వదిలేయండి సార్.” అలా అడిగేవారిని నేను తప్పుపట్టను. పసిపిల్లలున్న ఇంటి వాకిట్లో టార్చిలైటు పట్టుకుని రాత్రంతా కాపలా కాసే మనిషికి జీవవైవిధ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం మర్యాద కాదు. అయితే ఆ కోరిక తీర్చాక ఎక్కువసార్లు నష్టపోయేది మళ్లీ ఊరివాళ్లే.

అపోహ: తరలిస్తే ముప్పు తప్పుతుంది.

వాస్తవం: చాలాచోట్ల ముప్పు పెరుగుతుంది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో బతుకుతున్న చిరుతలను 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి అడవుల్లో వదిలారు. అంతకుముందు ఏడాదికి సగటున 4గా ఉన్న మనుషులపై దాడులు ఆ తరువాత 17కు చేరాయని వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. కనిపించిన చిరుతనల్లా పట్టి తరలించడం తగదని అదే ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు కూడా సూచించాయి.

కారణం చిరుత నడవడిలోనే ఉంది. ఎదిగిన మగచిరుత తన ఇలాకాలోకి మరో మగదాన్ని రానివ్వదు. దాన్ని తీసేస్తే, మనుషులు ఏ వేళ ఏ దారిన తిరుగుతారో ఎరుగని కుర్ర చిరుతలు ఆ ఖాళీలోకి చేరతాయి. తరలించిన చిరుతేమో కొత్త అడవిలోని చిరుతల మధ్య నిలవలేక, తనకు తెలియని ఊళ్ల గుండా పాత చోటికి తిరుగుముఖం పడుతుంది.

ఒకసారి మేము ఊరి ఒత్తిడికి తలొగ్గాం. బోనులో చిక్కిన మగచిరుతకు మత్తిచ్చి నోరు తెరిచి చూస్తే, ఇనుప కడ్డీలను కొరికి కొరికి పై కోరపళ్లు రెండూ సగానికి విరిగి, చిగుళ్ల దగ్గర నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆ పళ్లతో అది అడవిలో దుప్పిని పడుతుందా, దొడ్డిలో కట్టేసిన మేకను పడుతుందా? దాన్ని తరలించిన ఏడో వారంలో, బోను పెట్టిన కాలువ గట్టు బురదలోనే మరో పాదముద్ర కనిపించింది. మునుపటి దానికంటే చిన్నది. ఆ నెలలో ఒకే దొడ్డిలో మూడు మేకలు పోయాయి.

ఆ దొడ్డికి ముళ్లకంచె ఉంది కానీ పైకప్పు లేదు. ఆరడుగుల గోడను సునాయాసంగా దూకే జంతువుకు కంచె అడ్డమా? పైన బలమైన ఇనుప జాలీ, గట్టి తలుపు బిగించాక అక్కడ మేక పోలేదు. మాంసం వ్యర్థాలను ఊరి చివర పారబోస్తే కుక్కలు, కుక్కల కోసం చిరుత వస్తాయన్నది కూడా గమనించాలి.

ఇక అటవీశాఖే రాత్రిపూట లారీల్లో చిరుతలను తెచ్చి వదులుతోందన్న పుకారుకు నా దగ్గర ఓపిక లేదు. చిరుత చెరకు తోటలోనే పిల్లల్ని పెట్టి పెంచగలదు. దానికి లారీ అక్కర్లేదు.

ప్రాణం కాపాడుకోవడానికి ఎదురుతిరిగినా జైలేనన్న భయం చాలామందిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, తననుగానీ ఇతరులనుగానీ కాపాడుకునే క్రమంలో సదుద్దేశంతో జంతువును గాయపరిచినా, చంపినా నేరం కాదు. మేకను చంపిందన్న కోపంతో కళేబరంలో విషం కలపడానికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.

పరిహారం ఎలాగూ రాదనుకుని దరఖాస్తే పెట్టనివారూ ఉన్నారు. కేంద్ర ప్రాయోజిత పథకాల కింద వన్యప్రాణి దాడిలో మనిషి మరణిస్తే ఇచ్చే పరిహారాన్ని 2023లో 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచారు. పశువుల విషయంలో చిక్కంతా పంచనామా దగ్గరే వస్తుంది. కళేబరాన్ని కదపకుండా ఫొటో తీసి వెంటనే అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు కబురు పెట్టాలి. ఒక పెద్దావిడ తాను పెంచిన మేకను కుక్కలు పీకకూడదని తెల్లవారకముందే పూడ్చిపెట్టింది. మేము వెళ్లేసరికి ఆమె చేతిలో తెగిన పలుపుతాడు ఒక్కటే ఉంది. దాన్ని చూసి పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వలేకపోయాడు.